నెలలు నిండని కాన్పు, తెల్లబట్ట: ఒక వాదముపై విమర్శ

ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదు అను మాట తెలుగు పల్లెలలో పెద్దవాళ్ళ నోట తరచుగా వినబడును. ఇది తప్పు. తల్లి కడుపులో ఒక్కొక్క వారము గడచిన కొలదిని శిశువు ఊపిరితిత్తులు ముదురుచుండును గనుక, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డకే బ్రతుకు ఆశ ఎక్కువ. హిప్పోక్రటీసు పేర చలామణియైన గ్రీకు గ్రంథములలో కూడ ఈ నమ్మకమే కనబడును. కాబట్టి దీనిని కోనసీమ ముసలమ్మల అజ్ఞానమని నవ్వుట న్యాయము కాదు.

చదువురానివారి పొరపాట్లను ఎత్తిచూపుట తేలిక. ప్రయోగశాలలలో పనిచేయు విద్వాంసులు ఒక చక్కని వాదమును నమ్మి, దానికి విరుద్ధమైన సాక్ష్యము వచ్చినప్పుడెల్ల ఏదో ఒక సాకు చెప్పి దానిని నిలబెట్టుకొన్న కథ కూడ తెలిసికొనదగినదే. గర్భిణీ స్త్రీ యోనిలోని సూక్ష్మజీవుల వలన నెలలు నిండకముందే కాన్పు వచ్చుననియు, ఆ సూక్ష్మజీవులను మందుతో చంపినచో కాన్పు ఆగుననియు చెప్పునది ఆ వాదము. మొదటి సగములో కొంత నిజమున్నది. రెండవ సగము పరీక్షకు నిలువలేదు. ఈ రెండింటిని కలిపి ఒకటిగా చెప్పుచుండుట వలననే చిక్కంతయు వచ్చినది.

గర్భకాలము సామాన్యముగా 280 దినములు, అనగా 40 వారములు. 37 వారములు నిండకముందు జరుగు కాన్పును అకాల ప్రసవమందురు. 2020లో ప్రపంచమున 1 కోటి 34 లక్షల మంది శిశువులు ఇట్లు పుట్టినారనియు, అందులో సుమారు 30 లక్షల మంది మన దేశమున పుట్టినవారేననియు అంచనా. కవల పిల్లలు, రక్తపుపోటు, మాయ సంబంధమైన చిక్కులు మొదలగు కారణములు కొన్నిట కనబడును. పెక్కు సందర్భములలో ఇదీ కారణమని వైద్యుడు వేలుపెట్టి చూపలేడు. ఆ ఖాళీలోనికి ఈ వాదము ప్రవేశించినది.

దీనిని విమర్శించుటకు ముందు శరీరధర్మము కొంత తెలియవలెను. యోనిలో సూక్ష్మజీవులుండుట రోగము కాదు. అవి లేని స్త్రీ లేదు. 1892లో డోడర్‌లైన్ అను జర్మను వైద్యుడు యోని స్రావములో ఆమ్లమును పుట్టించు ఒక కడ్డీవంటి బాక్టీరియమును వర్ణించినాడు. లాక్టోబాసిల్లస్ జాతికి చెందిన ఈ జీవులు, యోని పొరలోని గ్లైకోజన్ నుండి వచ్చు చక్కెరలను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. అందుచేత అచ్చటి పి.హెచ్. సంఖ్య 4 ప్రాంతమున నిలుచును. ఆ పులుపులో ఇతర సూక్ష్మజీవులు అంతగా పెరుగలేవు. ఏ కారణముచేతనో లాక్టోబాసిల్లులు తగ్గి, ప్రాణవాయువు అక్కరలేని అనేకజాతుల బాక్టీరియా వేలరెట్లు పెరిగినప్పుడు పులుపు తగ్గి, పి.హెచ్. 4.5 దాటును. ఈ స్థితినే బాక్టీరియల్ వెజైనోసిస్ అందురు. హ్యూస్టన్ నగరమున గార్డ్‌నర్, డ్యూక్స్ అనువారు 1955లో ఇది ఒకే ఒక బాక్టీరియము చేయు పనియని ప్రకటించినారు. ఒక గుంపు చేయు పనియని తరువాత తేలినది.

దీని ముఖ్యలక్షణము చేపకంపు. ఇది ఉపమానము కాదు. నిలువయున్న సముద్రపు చేపకు వాసన తెచ్చు ట్రైమిథైల్ అమీను అను పదార్థమే ఈ స్రావములోను ఉండును. చేపల పులుసులో చింతపండు పడగానే నీచువాసన ఎందుకు తగ్గునో వంటచేయు ప్రతి ఇల్లాలికి అనుభవమే: ఆమ్లము తగిలినప్పుడు అమీనులు లవణములుగా మారి గాలిలోనికి లేవవు. యోనిలో పులుపు ఉన్నంతవరకు ఇట్లే జరుగును, అది తగ్గినప్పుడు వాసన బయటపడును. 1983లో ఆంసెల్ బృందము నిర్ణయించిన రోగనిర్ధారణ పద్ధతిలో, స్రావముపై ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి వాసన చూచుట ఒక పరీక్ష. దానికి తోడు పి.హెచ్. కాగితము, సూక్ష్మదర్శిని చాలును.

గర్భిణికి వాసన, దురద లేకుండ పలుచని తెలుపు కొంత అవుట సహజము. పెరుగు తరకలవలె ఉండి విపరీతముగా దురద పెట్టునది కాండిడా అను శిలీంధ్రము వలన వచ్చును. ట్రైకోమోనాస్ అను ఏకకణజీవి వలన కలుగునది వేరొకటి. అది దాంపత్యమువలన సంక్రమించును గనుక భర్తకును చికిత్స కావలెను. వాడుకలో ఇవన్నియు తెల్లబట్ట అను ఒకే మాటలో ఇమిడిపోయినవి. "వేడిచేసినది" అను ఒకే కారణము అన్నిటికి చెప్పబడుచున్నది.

ఇక వాదము. యోనిలోని బాక్టీరియా గర్భాశయ ముఖము దాటి పైకి ప్రాకి, పిండమును కప్పియున్న పొరలను చేరును. అచ్చట వాపు కలుగును. వాపువలన ప్రోస్టాగ్లాండిన్లు ఉత్పత్తి యగును. గర్భాశయము ముడుచుకొనుట, ముఖము మెత్తబడి విచ్చుకొనుట, పొరలు చిట్లి ఉమ్మనీరు పోవుట, ఇవన్నియు వానివలన జరుగును. ఈ వరుసలో ప్రతి మెట్టును ప్రయోగశాలలో చూపినారు. చాలా ముందుగా, అనగా 28 వారములు నిండకముందు జరుగు కాన్పులలో పొరలయందు వాపు కనబడుట వైద్యులకు సుపరిచితము. కాబట్టి వాదము పుట్టుట సహజమే.

1995లో అమెరికాలో హిల్లియర్ మున్నగువారు 10,397 మంది గర్భిణులను పరిశీలించి, నూటికి 16 మందికి వెజైనోసిస్ ఉన్నదనియు, వారికి నెలలు నిండని, తక్కువ బరువుగల శిశువు పుట్టు అవకాశము 1.4 రెట్లనియు ప్రకటించినారు. ఈ సంఖ్యను తరువాత వందల వ్యాసములు ఉదాహరించినవి. ఉదాహరించినవారందరు దాని పరిమాణమును తగినంతగా తలపోసినట్లు తోచదు. 1.4 రెట్లనగా రెట్టింపు కూడ కాదు. వెజైనోసిస్ ఉన్న స్త్రీలలో అత్యధికులు నెలలు నిండియే కన్నారు. రెండు విషయములు కలిసి కనబడినంత మాత్రమున ఒకటి తీసివేసినచో రెండవది పోవునని చెప్పుటకు వీలులేదు. అది చెప్పవలెనన్న తీసివేసి చూడవలెను.

తీసివేసి చూచినారు కూడ. అదే 1995లో హాత్ బృందము అమెరికాలోని అలబామాలో 624 మంది గర్భిణులకు, కొందరికి మెట్రోనిడజోల్, ఎరిత్రోమైసిన్ మందులను, కొందరికి మందులేని మాత్రలను ఇచ్చినది. వెజైనోసిస్ ఉన్నవారిలో మందు తిన్నవారికి నూటికి 31 మందికిని, తిననివారికి 49 మందికిని అకాల ప్రసవములైనవి. ఆ ఫలితము ఎందరికో ఆశ కలిగించినది. అయితే ఆ స్త్రీలు ఎవరు? ఇదివరకు నెలలు నిండకముందు కన్నవారు, లేదా గర్భమునకు ముందు 50 కిలోల బరువు లేనివారు. ఈ రెండవ నియమము తెలుగు పాఠకుడు గమనింపదగినది. అలబామాలో అపాయపు గుర్తుగా ఎంచబడిన ఆ బరువు, కోనసీమలో కొబ్బరి తోటలలోను చేపల రేవులలోను పనిచేయు స్త్రీలకు ఎందరికో మామూలు బరువు. ఒక దేశపు అపాయము మరొక దేశపు సామాన్యము కావచ్చును. దానిని గమనింపక అచ్చటి వైద్యమును ఇచ్చటికి తెచ్చుట తొందరపాటు.

2000లో కేరీ మున్నగువారు అమెరికాలోనే 1,953 మందిపై జరిపిన పరీక్షలో మెట్రోనిడజోల్ తిన్నవారికి 12.2 శాతము, తిననివారికి 12.5 శాతము అకాల ప్రసవములు. అనగా తేడా లేదు. 2001లో వెలువడిన మరొక పరీక్ష, ఏ బాధయు లేక ట్రైకోమోనాస్ మాత్రమున్న గర్భిణులకు సంబంధించినది. అందులో మందు తిన్నవారికే 19 శాతము, తిననివారికి 10.7 శాతము అకాల ప్రసవములు కాగా, ఆ పరీక్షను మధ్యలో ఆపివేసినారు. మందు మేలు చేయకపోవుట ఒక సంగతి, కీడు చేయవచ్చునన్న అనుమానము వేరొక సంగతి.

వాదమును విడువనివారు మందు ఆలస్యముగా ఇచ్చినారనిరి. అది ఊరక కొట్టివేయదగిన మాట కాదు. 2003లో ఇంగ్లండులో ఉగ్వుమాదు బృందము 12 నుండి 22 వారములలోపల క్లిండమైసిన్ ఇచ్చి, గర్భస్రావములు, అకాల ప్రసవములు కలిపి 241 మందిలో 38 నుండి 244 మందిలో 13కు తగ్గినట్లు చూపినది. 2004లో వియన్నాలో నాలుగువేలమందికి పైగా గర్భిణులకు మూడు రకముల సంక్రమణములను వెదకి చికిత్స చేయగా అకాల ప్రసవములు 5.3 శాతమునుండి 3 శాతమునకు దిగినవి. ముందుగా మొదలుపెట్టుటయే కీలకమని ఆశపడుటకు ఇవి ఆధారములు.

ఆ ఆశను తూచిన పరీక్ష ఉత్తర ఫ్రాన్సులో జరిగినది. 2006 మొదలు 2011 వరకు 84,530 మందిని గర్భము తొలి నెలలలోనే పరీక్షించి, వెజైనోసిస్ కనబడిన 5,630 మందిని ఏరి, వారిలో తక్కువ అపాయముగల 2,869 మందికి క్లిండమైసినో, మందులేని మాత్రయో ఇచ్చినారు. 2018లో ఫలితము వెలువడినది. ఆలస్యపు గర్భస్రావములు, 32 వారములకు లోబడిన కాన్పులు కలిపి మందు తిన్నవారిలో 1.2 శాతము, తిననివారిలో 1 శాతము. ఇంతమందిని, ఇంత త్వరగా వెదకి చేసిన ప్రయత్నమునకు ఇది ఫలితము! 2020లో అమెరికాలోని నివారణ సేవల సలహాసంఘము, ప్రత్యేకమైన అపాయములేని గర్భిణులందరికి వెజైనోసిస్ పరీక్ష చేయనక్కరలేదని స్పష్టముగా చెప్పినది. ఇదివరకు అకాల ప్రసవమైనవారి విషయమున మాత్రము అటో ఇటో తేల్చుటకు సాక్ష్యము చాలదన్నది.

వాదము ఎచ్చట తప్పినది? దీనికి అంతర్వేది రేవులోనే ఒక పోలిక దొరకును. వశిష్ఠ గోదావరి సముద్రములో కలియు ఆ ఏటిమొగ దగ్గర వేసవిలో నీరు ఉప్పు. ధవళేశ్వరపు ఆనకట్ట దిగువకు నీరు తక్కువగా వచ్చు ఆ నెలలలో పోటువెంట సముద్రము నదిలోనికి ఎక్కును. సముద్రపు జీవులు దానివెంట వచ్చును. శ్రావణ భాద్రపదములలో ఎఱ్ఱనీటి వరద వచ్చి ఉప్పును వెనుకకు నెట్టినప్పుడు, సముద్రమునుండి ఇలసచేప ఏటికి ఎదురెక్కి పులస యగును. ఏ కాలమున ఏ జీవి ఉండునన్నది నీటి స్వభావము నిర్ణయించును. వేసవిలో ఎన్ని వలలు వేసి ఉప్పునీటి జీవులను పట్టివేసినను మంచినీటి చేప అక్కడికి రాదు. నీరు మారలేదు కదా. వెజైనోసిస్ కూడ ఇట్టిదే. బయటినుండి వచ్చిన ఒక శత్రువు కాదు, అచ్చటనే కొద్దిగానున్న జీవులు పెరిగిన స్థితి. మెట్రోనిడజోల్ వానిని చంపును గాని, లాక్టోబాసిల్లులను పుట్టింపలేదు. కొన్ని నెలలకే మరల వచ్చుట అందుకే సాధారణము.

పోలికకు ఒక హద్దు కూడ చెప్పవలెను. 2011లో అమెరికాలో 396 మంది ఆరోగ్యవతుల యోనిలోని బాక్టీరియాను జన్యుపరీక్షతో చూచినప్పుడు, సుమారు నాలుగవవంతు మందిలో లాక్టోబాసిల్లుల ఆధిక్యము లేదు. వారికి బాధ ఏమియు లేదు. కాబట్టి ఈ స్థితిలో రోగమెంత, కొందరు స్త్రీలకు సహజమైనదెంత అన్న ప్రశ్న మిగిలియే యున్నది. బాక్టీరియా ఉన్నను, దానికి తల్లి శరీరము ఎంత వాపుతో బదులిచ్చును అన్నది కాన్పును నిర్ణయించు మరొక అంశమని పరిశోధకులు భావించుచున్నారు. ఆ బదులు మాత్రకు లొంగునది కాదు.

ఫ్రాన్సు, అమెరికా ఫలితములు మన బీదపల్లెలకు వర్తించునా అని అడుగవచ్చును. అడుగవలసినదే. ఆఫ్రికాలోని దక్షిణ మలావీలో 2,297 మంది గర్భిణులకు రెండుమార్లు అజిత్రోమైసిన్ ఇచ్చి చూచిన పరీక్ష 2009లో వెలువడినది. అచ్చటి స్త్రీలు బీదవారు. మలేరియా, సంక్రమణములు మెండు. మందు తిన్నవారిలో అకాల ప్రసవములు 16.8 శాతము, తిననివారిలో 17.4 శాతము. తేడాయని చెప్పదగినది లేదు.

యోని సంక్రమణమునకు వైద్యమే అక్కరలేదని ఇందునుండి తేల్చినవారు మరొక తప్పు చేసినవారగుదురు. దురద, మంట, దుర్వాసనతో బాధపడు గర్భిణికి ఆ బాధ తీరుటకే చికిత్స కావలెను. బాధ తీరుట చిన్న ప్రయోజనము కాదు. 1989లో గడ్చిరోలీ జిల్లాలో బంగ్ దంపతులు రెండు గ్రామముల స్త్రీలను పరీక్షించి, నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉన్నదనియు, అంతకుముందు ఎన్నడైనను అట్టి పరీక్ష పొందినవారు 8 మందేననియు ప్రకటించినారు. గడ్చిరోలీ దక్షిణపు కొన, తెలుగువారున్న సిరోంచ, ప్రాణహిత గోదావరిలో కలియు చోటు. అంతర్వేది చేరు నీటిలో కొంత ఆ వైపునుండి వచ్చినదే. 92లో అనేకరకములు కలిసియున్నవి గనుక ఆ సంఖ్యను విడదీసి చదువవలెను. 8 అన్నది మాత్రము విడదీయనక్కరలేని సంఖ్య. ఆడవారు సిగ్గుచేత చెప్పరు. చెప్పినను అత్తగారు "అందరికీ ఉండేదేనమ్మా" అనును.

పరీక్ష లేనిచోట లక్షణములనుబట్టి మందు ఇచ్చు పద్ధతిని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రవేశపెట్టినది. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణసంస్థ దానికై రంగు పెట్టెలు తయారుచేసినది. తెల్లబట్టకు ఇచ్చు ఆకుపచ్చ పెట్టెలో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ మాత్రలుండును. ఈ పద్ధతికి గల లోపము, రోగములేనివారికి మందు, రోగముండి చెప్పనివారికి శూన్యము. గర్భిణి విషయమున ఇది మరింత పదునైన లోపము. నోటిద్వారా తీసికొన్న ఫ్లూకోనజోల్‌కు, గర్భస్రావమునకు సంబంధమున్నట్లు డెన్మార్కు పరిశోధకులు 2016లో చూపినారు. గర్భిణికి కాండిడా ఉన్నచో యోనిలో పెట్టు క్లోట్రిమజోల్ బిళ్ళ తగినది. అక్కకో, వదినకో ఇచ్చిన పెట్టెలో మిగిలిన మాత్ర ఆరవ నెల చెల్లెలు మ్రింగుట ఎంతమాత్రము కూడదు.

భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకుడై యుండగా, 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. ఆ వంశమునకు చెందిన టెట్రాసైక్లిన్ మందులు ప్రపంచములో ఎన్నో ప్రాణములు నిలిపినవి. గర్భము రెండవ సగములో తిన్నచో అవి శిశువు పంటిలో చేరి పసుపురంగు తెచ్చునని తరువాత తెలిసినది. గొప్ప మందుకు కూడ ఇవ్వకూడని వేళ ఉండునని ఇంతకంటె దగ్గరి ఉదాహరణము గోదావరి జిల్లాలవారికి దొరకదు. లోపల సబ్బుతో, మందునీళ్ళతో కడుగుట ఆ పులుపును పోగొట్టును గనుక అదియు తగదు. పెరుగు తినుట మంచిదే. కాని పెరుగులోని బాక్టీరియా వేరు జాతి, అది తెల్లబట్టను మాన్పునన్న ప్రచారమునకు ఆధారము చాలదు.

పెద్ద హెచ్చరిక బ్రిటనునుండి వచ్చినది. ఉమ్మనీరు పోకుండ ముందుగా నొప్పులు వచ్చిన 6,295 మందికి ఆంటీబయోటిక్ ఇచ్చిచూచిన పరీక్ష 2001లో వెలువడగా, కాన్పు ఆగలేదు. 2008లో ఆ పిల్లలకు ఏడేండ్లు వచ్చిన తరువాత చూడగా, ఎరిత్రోమైసిన్ తిన్న తల్లుల పిల్లలలో 3.3 శాతమునకు, తిననివారి పిల్లలలో 1.7 శాతమునకు మెదడు సంబంధమైన పక్షవాతము కనబడినది. "ఎందుకైనా మంచిది, ఒక కోర్సు వాడితే పోదా" అను మాటకు ఇది సమాధానము. ఉమ్మనీరు పోయినప్పటి సంగతి వేరు. అప్పుడు ఆంటీబయోటిక్ ఇచ్చుట తగిన వైద్యమే. మూత్రములో బాక్టీరియా ఉన్నచో బాధ లేకపోయినను చికిత్స చేయవలెను, దానివలన మూత్రపిండముల సంక్రమణము తగ్గునని స్థిరపడినది. ఒకే ఆమెలో ఒకచోటి బాక్టీరియాకు వైద్యము, మరొకచోటి దానికి ఓర్పు అనుట విడ్డూరముగా తోచును గాని, పరీక్షలు అట్లే చెప్పుచున్నవి.

అకాల ప్రసవమున బిడ్డ ప్రాణమును కాపాడుటకు సాక్ష్యము గల మందు మరొకటి కలదు. 1972లో న్యూజీలాండులో లిగిన్స్, హౌవీ అనువారు, నొప్పులు ముందుగా వచ్చిన తల్లికి స్టెరాయిడ్ సూదిమందు ఇచ్చినచో బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ముదురునని చూపినారు. భారతదేశముతో సహా అయిదు దేశముల ఆసుపత్రులలో 26 మొదలు 33 వారముల గర్భిణులకు డెక్సామిథసోన్ ఇచ్చిన పరీక్ష 2020లో వెలువడగా, శిశుమరణములు 23.5 శాతమునుండి 19.6 శాతమునకు తగ్గినవి. అయితే 2015లో ఆరు దేశముల పల్లెలలో ఇటువంటి మందునే విస్తరింపజేసిన పరీక్షలో శిశుమరణములు తగ్గకపోగా మొత్తముమీద పెరిగినవి. బిడ్డను చూచుకొను ఏర్పాటు ఉన్న ఆసుపత్రిలో, నిజముగా నెలలు తక్కువైన కాన్పుకు ఇచ్చిననే ఇది మేలు. రాజోలు, అమలాపురము పోవలసిన, లేదా వశిష్ఠ దాటి నరసాపురము పోవలసిన అంతర్వేది గర్భిణికి నొప్పులు మొదలైన గంటయే లెక్క. తెల్లబట్ట మాత్రలకై తిరిగిన ఇంటివారు నడుమునొప్పిని, నీరుపోవుటను రేపు చూతమని వాయిదా వేయుట ఈ వాదము చేసిన నష్టములలో ఒకటి.

నెలలు నిజముగా ఎన్ని అన్నది తేలవలెనన్న చివరిసారి బహిష్టు తేదీ కావలెను. మొదటి కాన్పుకు పుట్టింటికి పోవు ఆచారము వలన చూచిన వైద్యుడొకరు, కాన్పు చేయువారొకరు అగుదురు. కార్డు వెంట పోకపోయినచో ఆ తేదీయు పోవును. తేదీ గుర్తులేనివారిని ఆశా కార్యకర్త తిథిని బట్టి, పండుగను బట్టి అడుగవచ్చును. భీష్మ ఏకాదశినాటి అంతర్వేది తీర్థమునకు ముందా, తరువాతనా, ఎన్ని దినములు? ఆ జవాబును పంచాంగము చూచి తేదీగా మార్చి కార్డు మీద వ్రాసియుంచినచో, ఎనిమిదవ నెల రాత్రి నొప్పులతో వచ్చిన ఆమెకు సూది వేయవలెనో లేదో తేల్చుటకు వైద్యునికి అది పనికివచ్చును.